అందరూ తినడానికి వెళ్ళారు

తెర రింగులు ఇనప కడ్డీ మీద గరగరమంటూ జరిగాయి. ఆ చప్పుడు ఆగేసరికి సెమీసి అన్నయ్య తెర అవతల, మకెరిత తెర ఇవతల. నేలకు జానెడు ఎత్తులో ఆగిపోయిన ఆకుపచ్చ తెర. కింద డాక్టరమ్మ చెప్పులు కనిపిస్తున్నాయి, నర్సు సకారియా తెల్ల బూట్లు కనిపిస్తున్నాయి, మంచం చక్రాలు కనిపిస్తున్నాయి, అన్నయ్య పాదాలు ఏవీ అని ఒక్క క్షణం వెతికింది. మంచం మీద పడుకున్న మనిషి పాదాలు నేల మీద ఎందుకుంటాయే పిచ్చిదానా అని తనను తానే తిట్టుకుంది. బయట అపియా అంతా ఎండలో మాడుతోంది, ఆసుపత్రి ఫ్యాను తిరుగుతోందన్న మాటే గానీ గాలి లేదు, పక్క మంచం ముసలాయనకు కూతురు కొబ్బరిపాలలో ఉడికిన అరటికాయ తినిపిస్తోంది. ఇంత వెలుతురులో, ఇంతమంది మధ్య, మనిషికి ఇంత భయం వేస్తుందా. సినిమాల్లో అయితే చీకటి ఉండాలి, వాన ఉండాలి, కరెంటు పోవాలి. ఇక్కడ ఉన్నదల్లా ఒక తెర, ఒళ్ళో అన్నయ్యకు మార్చడానికి తెచ్చిన ఉతికిన లావాలావా, ఆ నడుముకు చుట్టుకునే గుడ్డ అంచును నలుపుతున్న తన వేళ్ళు. లోపలికి వెళ్ళకూడదు. ఎదిగిన అన్న ఒంటి మీద బట్ట తొలగే చోట చెల్లెలు ఉండకూడదు, ఆ సంగతి సమోవాలో ఎవరూ ఎవరికీ నేర్పక్కర్లేదు. వదిన లూసియా ఉంటే లోపల తను ఉండేది. పిల్లల్ని చూసి, దుప్పట్లు తీసుకుని వస్తానని నిన్న సవాయీ దీవికి వెళ్ళింది, ఈ రోజు సముద్రం బాగా లేదని పడవ ఆపేశారట, రేపు గానీ రాలేదు.

“ఈ రోజు తియ్యకపోతే విషం మోకాలు దాటుతుందండీ. దాటాక మా చేతుల్లో ఏమీ ఉండదు. మనిషే దక్కడు” అంటోంది డాక్టరమ్మ లోపల.

“నొప్పి లేదమ్మా” అన్నాడు అన్నయ్య, చర్చిలో పాట ఎత్తుకునే ముందు మాట్లాడే మామూలు గొంతుతో. “నొప్పి లేని కాలిని ఎవరైనా కోస్తారా?”

“నొప్పి లేకపోవడమే నా భయం. పోనీ, ఒక్కసారి మీరే తల ఎత్తి చూడండి.”

“చూసేదేముంది? ఏమీ లేదక్కడ.”

ఏమీ లేదు. ఆ రెండు మాటలూ ఆ గొంతులో ఎన్నిసార్లు వినలేదు తను. వినగానే చాప మీద మోకాళ్ళు ముడుచుకుని కూర్చున్న పిల్ల అయిపోయింది. వాళ్ళ ఊరికి మొదటి టీవీ తెచ్చింది నాన్నే, ఫలనీకొ, చర్చిలో పెద్ద, నవ్వడానికి కూడా దేవుడి అనుమతి అడిగే మనిషి. జనరేటరు ఒకటి, వీడియో పెట్టె ఒకటి, న్యూజిలాండ్ నుంచి పినతండ్రి పంపే అట్టపెట్టెలో బీఫ్ డబ్బాల మధ్య ఇరుక్కుని వచ్చే క్యాసెట్లు. సాయంత్రం శంఖం ఊదాక ప్రార్థన, ప్రార్థన అయ్యాక సినిమా. పినతండ్రికి ఏం పిచ్చో, అన్నీ దయ్యాల సినిమాలే పంపేవాడు. మొదటి క్యాసెట్టు అట్ట మీద పెద్ద శిలువ, బైబిలు పట్టుకున్న ఫాదరీ ఉంటే నాన్న అది భక్తి సినిమా అనుకుని పాస్టరుగారితో సహా ఊరందర్నీ పిలిచాడు. సగంలో పాస్టరుగారు లేచి టీవీకి ఎదురుగా నిలబడి దయ్యాన్ని వదిలించే ప్రార్థన మొదలెట్టాడు, ఊరంతా ఆమెన్ అంది. ఆయన ప్రార్థన ముగించేలోగా సినిమా అయిపోయింది, దయ్యం పోయింది కూడాను, పాస్టరుగారి మహిమ చాలా ఏళ్ళు చెప్పుకున్నారు. ఇప్పుడు నవ్వు వచ్చింది మకెరితకు, నవ్వు సగంలో ఉండగా లోపల కత్తెర చప్పుడైంది, కట్టు కోస్తున్నారు కాబోలు, తడి గుడ్డ విడిపోతున్న మెత్తని చప్పుడు. నవ్వు అక్కడే ఆగిపోయింది.

చప్పుడే. ఎప్పుడూ చప్పుడే. చూసింది ఏముంది తను, ఏ సినిమాలోనూ అసలు ఘట్టం చూడలేదు. ఆ సినిమాల్లో చంపే ముందు ముద్దు ఒకటి ఉంటుంది. ఊరవతల ఇంట్లో ఒక అబ్బాయి, ఒక అమ్మాయి, ముద్దు, ఆ వెనకాలే వాడొస్తాడు, కత్తి పట్టుకునో గొడ్డలి పట్టుకునో. ముద్దు తెర మీద ఉండగా అన్నా చెల్లెళ్ళు ఒక్కచోట కూర్చుని చూడటమా, అంతకన్నా సిగ్గుచేటు లేదు. అందుకని నాన్న టీవీ పక్కనే నిలబడేవాడు, భుజం మీద నీలం లావాలావా, దాని మీద తెల్ల మందార పూలు. ముద్దు రాబోతోందని ఎలా పసిగట్టేవాడో, రెండు చేతులతో ఆ గుడ్డను విప్పి టీవీకి అడ్డంగా పట్టుకునేవాడు. తను టీవీ వైపు, పిల్లలందరూ గుడ్డకు ఇవతల. గుడ్డ పైన నాన్న వేళ్ళ కొసలు, కింద నాన్న పాదాలు, మధ్యలో మందార పూల వెనక కదిలే నీడలు. ముద్దు అయ్యాక దించేయొచ్చుగా అంటే, ఆ పిల్ల మళ్ళీ బట్టలు తొడుక్కునేదాకా దించడం నాన్న పద్ధతి కాదు, ఆ సినిమాల్లో బట్టలు తొడుక్కునేదాకా ఏ పిల్లా బతకదు. అలా చావులన్నీ గుడ్డ వెనకే జరిగిపోయేవి. తలుపు కిర్రుమనేది. ఊపిరి వినిపించేది, ఎవరి ఊపిరో తెలిసేది కాదు. ఏదో తడిగా తెగేది. ఆ తర్వాత ఏమీ వినిపించేది కాదు, అదీ అన్నిటికన్నా దారుణం. ఊళ్ళో పిల్లలందరికీ దయ్యమంటే భయం, కత్తంటే భయం, మకెరితకు మాత్రం నాన్న భుజం మీది గుడ్డ అంటే భయం. ఉతికి తీగ మీద ఆరేసినా దాని కింది నుంచి నడిచేది కాదు, చుట్టు తిరిగి వెళ్ళేది. పొద్దస్తమానం తెడ్డు వేసినా నొప్పెట్టని చేతులు, గుడ్డ ముక్క పట్టుకుంటే మాత్రం వణుకుతాయి అని అమ్మ దెప్పేది, ఎందుకంటే గుడ్డ ఎత్తి కాసేపయ్యాక ఊగడం మొదలెట్టేది, మందార పూలన్నీ కలిసి వణికేవి. చేతులు నొప్పిగా ఉన్నాయా నాన్నా అని అన్నయ్య అడిగేవాడు. అవును అనేవాడు నాన్న గుడ్డ వెనక నుంచి, దించేవాడు కాదు.

ఆడపిల్లలు ఒకవైపు, మగపిల్లలు ఒకవైపు. అన్నయ్య ఎప్పుడూ చివర స్తంభాన్ని ఆనుకుని కూర్చునేవాడు, అక్కడి నుంచి గుడ్డకూ టీవీకీ మధ్య సందు కనిపిస్తుంది. నాన్నకు తెలిస్తే వీపు చీరేసేవాడు. మకెరితకు తెలుసు, ఎవరికీ చెప్పలేదు, ఆగలేక అడిగేది, అన్నయ్యా, ఏం కనిపిస్తోంది, అని గొంతులోనే. వాడు సందులోంచి చూసి, కాసేపాగి, ఏమీ లేదు చెల్లీ, అందరూ తినడానికి వెళ్ళారు, అనేవాడు. ఎంత హాయిగా ఉండేదో ఆ మాట. తెల్లవాళ్ళు ముద్దు పెట్టుకున్నాక తప్పనిసరిగా తినడానికి వెళ్తారని, వెళ్ళేటప్పుడు వాళ్ళలో ఎవరో ఒకరు కేక పెడతారని, అది వాళ్ళ ఆచారమని చాలాకాలం నిజంగానే నమ్మింది.

“సకారియా, చెల్లి బయటే ఉందా?” అంటున్నాడు అన్నయ్య లోపల.

“ఉందండి, కుర్చీలో కూర్చుంది.”

“లోపలికి రానివ్వకు.”

రాను అన్నయ్యా, ఎలా వస్తాను. వదినా, ఈ రోజే దొరికిందా నీకు పడవ ఎక్కలేకపోవడానికి. తెర కింది నుంచి వాసన వస్తోంది, మందుల వాసన కింద ఇంకో వాసన, కాస్త తియ్యగా, పండు మాగి చెడిపోయినప్పటిలా. పగడపు దిబ్బ దగ్గర సముద్రం వెనక్కి తీసినప్పుడు అన్నయ్య చేపలకు వెళ్ళి ఆల్చిప్ప తొక్కాడట, గుచ్చుకున్న సంగతే తెలియలేదట, ఇంటికొచ్చాక చాప మీద రక్తం చూసి ఎవరిది ఈ రక్తం అని పిల్లల్ని గద్దించాడట. షుగరు పాదాల్లోంచి నొప్పిని ముందే తినేసింది. ఇంట్లో ఎవడో దూరి కూర్చుంటే, ఇల్లుగలవాడు కూనిరాగం తీస్తూ కాఫీ కాచుకుంటాడే, ఆ సినిమా ఇది. చూసేవాళ్ళకు తెలుసు, వాడికి తెలియదు. వెనక్కి తిరగరా నాయనా అని హాలంతా అరుస్తుంది, వాడు చక్కెర వెతుక్కుంటూ ఉంటాడు.

హాలంటే గుర్తొచ్చింది, ఎన్నాళ్ళయింది సినిమా హాల్లో టికెట్లు చింపడం మొదలెట్టి, అపియాలో సినిమా చూసినవాళ్ళందరూ ఆమె చేతి మీదుగా వెళ్ళినవాళ్ళే. అన్నాచెల్లెళ్ళు పొరపాటున ఒకే ఆటకు వస్తే ముందే కనిపెట్టడం కూడా ఆమె పనే. నీ చెల్లెలు లోపలుందయ్యా, నువ్వు సాయంత్రం ఆటకు రా, అంటుంది మెల్లగా, ఎంత మొనగాడైనా మారుమాట్లాడకుండా వెనక్కి తిరిగిపోతాడు. దయ్యాల సినిమాకు ఆమె తెర వంక చూడదు, టార్చి పట్టుకుని గోడకు ఆనుకుని జనం వంక చూస్తుంది. దయ్యం కనబడినప్పుడు కేకలేస్తారు, అది భయం కాదు, అప్పటికి భయం తీరిపోయింది, కేక వేసి పక్కవాడి తొడ మీద కొట్టి నవ్వుకుంటారు. భయం దానికి ముందు ఉంటుంది. పేలాల కరకర ఉన్నట్టుండి ఆగిపోతుంది, పొట్లంలో పెట్టిన చెయ్యి పొట్లంలోనే ఉండిపోతుంది, ఒక్క దగ్గూ వినబడదు. విన్నదానికీ చూడబోయేదానికీ మధ్య ఉండే ఆ కాస్త జాగాలోనే మనిషి బిక్కచచ్చిపోతాడు, ఆ జాగాలోకి ఎవడి దయ్యాన్ని వాడే తెచ్చుకుంటాడు. ఒకసారి నాన్న క్యాసెట్లలో ఒకటి పాత సినిమాల వారమని హాలుకే వచ్చింది. అదే ఇల్లు, అదే ముద్దు. గుడ్డ లేదు. మకెరిత టార్చి ఆర్పేసి ఊపిరి బిగబట్టి మొదటిసారి చూసింది, చిన్నప్పుడు అన్నయ్య తినడానికి వెళ్ళారన్నది సరిగ్గా అక్కడే. ఎవరూ ఎక్కడికీ వెళ్ళలేదు. ఎర్ర రంగు, రబ్బరు చెయ్యి, నోరు తెరుచుకుని పడున్న పిల్ల, అంతే, తను మందార పూల వెనక చూసినదానిలో పావు వంతు కూడా లేదు. నవ్వొచ్చింది, ఆ వెంటనే ఒళ్ళు జలదరించింది, ఆ పిల్లను చూసి కాదు. ఆ వారం మిగతావీ చూసింది, ప్రతిదాంట్లోనూ అదే లెక్క. సినిమా మొత్తంలో అన్నిటికన్నా ఘోరం ఎక్కడుందో అక్కడే అన్నయ్య ఏమీ లేదన్నాడు. మామూలు భయాలకు వాడు నిజమే చెప్పేవాడు, పిల్లి వచ్చింది, కిటికీ పగిలింది, అని. చూడలేనిది వచ్చినప్పుడే అందర్నీ భోజనానికి పంపేవాడు.

ఆ తలుపుల ఇళ్ళు ఎలా భరిస్తారో ఆ తెల్లవాళ్ళు. తమ పాత ఇంటికి స్తంభాలే గానీ గోడల్లేవు, తలుపు కిర్రుమనే ఘట్టాలకు ఊళ్ళో పిల్లలు నవ్వేవాళ్ళు, గోడలెందుకు కట్టుకున్నారు, కట్టుకోకపోతే వాడు వచ్చేది కనబడేది కదా అని. మామ్మ మాత్రం నవ్వేది కాదు. సినిమాలో పసిపిల్లను ఒక్కదాన్నే గదిలో పెట్టి, దీపం తీసేసి, తలుపు వేసి వెళ్ళిపోతుంది తల్లి, అక్కడికి రాగానే మామ్మ గుండెలు బాదుకునేది, దయ్యం ఇంకా రాకముందే. ఒసే, పిల్లను ఒంటరిగా పడుకోబెడతారటే, వీళ్ళకు మనుషులు లేరా, అనేది. సమాధులు చూసి కూడా అంతే, చచ్చినవాళ్ళను తీసుకెళ్ళి అంత దూరంలో వదిలేసి వస్తే లేచి రాక ఏం చేస్తారు అని కోప్పడేది. తమ వాళ్ళ సమాధులన్నీ వాకిట్లోనే ఉంటాయి, పిల్లలు వాటి మీద ఎక్కి కూర్చుంటారు, బట్టలు ఆరేస్తారు. దయ్యాలు లేకపోలేదు, సందెవేళ జుట్టు విరబోసుకుంటే పట్టుకుంటాయి, కానీ అవి ఎవరివో తెలుసు, పేరు పెట్టి పిలిచి తిడితే సిగ్గుపడి పోతాయి. సినిమాల్లో దయ్యాలు ఎవరివీ కావు, ఎవరి మాటా వినవు. అవి ఒంటరివాళ్ళ దగ్గరికే వెళ్తాయి. మామ్మ ఒక్క సినిమా కూడా పూర్తిగా చూడలేదు, ఆ తలుపు వేయగానే లేచిపోయేది. ఇన్నేళ్ళు టికెట్లు చింపినా ఆమె చెప్పినదానికన్నా పెద్ద భయం మకెరితకు ఏ తెర మీదా తగల్లేదు.

లోపల చప్పుళ్ళు ఆగిపోయాయి. కత్తెర లేదు, పళ్ళెంలో ఇనప సామాను మోత లేదు. పక్క మంచం దగ్గర కూతురు చెంచా ఎత్తి అలాగే ఉండిపోయింది, ఆమె ముక్కుకు కూడా తగిలినట్టుంది ఆ వాసన. డాక్టరమ్మ చెప్పులు ఒక అడుగు వెనక్కి వేశాయి. ఎందుకు వెనక్కి వేసింది. ఏం చూసింది. మకెరిత కళ్ళు మూసుకుంది, మూసుకుంటే మందార పూలు, వాటి వెనక అన్నయ్య కాలు పాకుతోంది, నల్లగా, ఇంతింతై, మంచమంతా. లూసియా వచ్చాక చూసుకుందాం, రేపు చూసుకుందాం, అంటున్నాడు లోపల అన్నయ్య. రేపటికి మీ ఇష్టంతో పనుండదండీ అంటోంది ఆవిడ, గొంతులో కోపం, కోపం కింద బతిమాలాట. మగదిక్కు ఎవరైనా ఉంటే పిలవండి, చెప్పి ఒప్పించేవాళ్ళు, అంటోంది. ఎవరూ లేరమ్మా అన్నాడు అన్నయ్య. తలుపు వేసిన గదిలో, దీపం తీసేశాక, ఆ పిల్ల కూడా ఇలాగే దుప్పటి గడ్డం దాకా లాక్కుని పడుకునేది కదా.

“అన్నయ్యా” అంది మకెరిత. ఎప్పుడు లేచి నిలబడిందో తెలియలేదు, తెరకు ముక్కు తగిలేటంత దగ్గరగా ఉంది. “ఏం కనిపిస్తోంది?”

లోపలి నుంచి ఆ గొంతు వచ్చింది, అదే గొంతు, స్తంభానికి ఆనుకున్న పిల్లాడి గొంతు.

“ఏమీ లేదు చెల్లీ. అందరూ తినడానికి వెళ్ళారు.”

ఇక చాలు, అంతకన్నా తెలుసుకోవాల్సింది లేదు, ఆయనకూ తెలుసు, సందులోంచి చూసేశాడు, అంతా చూసేశాడు, చూసి ఒక్కడే అక్కడ పడుకున్నాడు. కాళ్ళు వెనక్కి లాగుతున్నాయి. ఊళ్ళో తెలిస్తే ఏమంటారు, వదిన ఏమంటుంది, నాన్న ఉంటే ఏమనేవాడు. నాన్న. చేతిలోంచి జారబోయిన గుడ్డను పట్టుకుని మడతలు విప్పింది, రెండు చేతులతో మొహానికి అడ్డంగా ఎత్తి పట్టుకుంది, మోచేత్తో తెరను తోసుకుని, తల వంచుకుని, నేల మీద మంచం చక్రాలనే చూస్తూ మంచం చివరిదాకా నడిచింది. అక్కడ ఆగి గుడ్డను మోకాలికి ఈ పక్కగా జరిపింది. ఇప్పుడు గుడ్డకు అవతల అన్నయ్య, ఇవతల తను, కాలు. ఇంకేమీ లేదు.

“చెల్లీ, బయటికి పో. నువ్వు చూడకూడదు” అన్నాడు అన్నయ్య.

“నిన్ను చూడటం లేదన్నయ్యా. గుడ్డ అడ్డం పెట్టాను కదా. ఒక్క పాదమే కనిపిస్తోంది.”

సకారియా ఏదో అనబోయాడు, డాక్టరమ్మ చెయ్యెత్తి ఆపింది. గుడ్డ అవతల ఊపిరి మాత్రం వినిపిస్తోంది, ఇది ఎవరి ఊపిరో తెలుసు. మకెరిత చూసింది. వేళ్ళు వేళ్ళలా లేవు. మడమ దగ్గర మాంసం లేచిపోయి ఎముక తెల్లగా బయటపడింది, పైకి, పిక్క మీదికి ఎర్రటి చార ఒకటి పాకుతోంది. రబ్బరు కాదు, రంగు కాదు. మందార పూల వెనక ఊహించుకున్నదానికన్నా చిన్నదే, కానీ నిజం, చిన్నప్పుడు దిబ్బ మీద తన ముందు నడుస్తూ ఎక్కడ అడుగు వెయ్యాలో చూపించిన పాదం. కళ్ళు తిప్పుకోలేదు.

“ఏం కనిపిస్తోంది చెల్లీ?” అన్నాడు అన్నయ్య. అడుగుతున్నది ఆయన, ఇన్నేళ్ళలో మొదటిసారి.

ఏమీ లేదు అనడం ఎంత తేలికో అప్పుడు తెలిసింది. నాలుక చివరిదాకా వచ్చింది.

“వేళ్ళు నల్లబడిపోయాయి అన్నయ్యా. ఎముక కనిపిస్తోంది. పైకి ఎక్కుతోంది అది, మోకాలికి దగ్గరలో ఉంది” అంది. “ఎవరూ తినడానికి వెళ్ళలేదు. అందరూ ఇక్కడే ఉన్నారు. నేను కూడా ఇక్కడే ఉన్నాను.”

బయట ఎక్కడో ట్రాలీ చక్రాలు దొర్లాయి, ఆగాయి. అన్నయ్య ఏడుస్తున్నాడు, చప్పుడు రాకుండా ఏడవడానికి చూస్తున్నాడు, మంచం ఇనుము సన్నగా మోగుతోంది. తర్వాత అదీ ఆగింది.

“తీసెయ్యమను” అన్నాడు. “నువ్వు మాత్రం వెళ్ళకు. ఆ గుడ్డ దించకు.”

డాక్టరమ్మ గబగబా బయటికి నడిచింది, ఎవరినో పిలుస్తోంది, సకారియా తడి గుడ్డలు పాదం మీద కప్పుతున్నాడు, కప్పుతుంటే కూడా మకెరిత చూస్తూనే ఉంది, ఎప్పుడు దించాలో తెలియాలంటే ఎవరో ఒకరు చూస్తూ ఉండాలి కదా. గుడ్డకు ఈ పక్క తమ వాళ్ళు ఇంకెవరూ లేరు. నాన్న కూడా ఇలాగే నిలబడేవాడు, పిల్లలందరూ ఆ పక్కన, ఆయన ఒక్కడూ ఈ పక్కన, కేకలన్నీ, కత్తులన్నీ ఆయన మొహానికి అంత దగ్గరగా, నవ్వడానికి కూడా దేవుడి అనుమతి అడిగే ఆ మనిషి ఒక్క ఘట్టం వదలకుండా అన్నీ చూశాడు. గుడ్డ ఊగుతోంది. ఎంత బిగించి పట్టుకున్నా ఊగుతోంది.

“చేతులు నొప్పిగా ఉన్నాయా చెల్లీ?” అన్నాడు అన్నయ్య అవతలి నుంచి.

“అవును” అంది మకెరిత.